దబావ్ తగ్గించండి భాయ్!

రమ్జాన్ ఈద్ మర్నాటికి మన వాట్సాప్ గ్రూపుల్లో షీర్ ఖుర్మా ఫోటోలు తగ్గి, సముద్రం వీడియోలు మొదలవుతాయి. వాటిలో ఏటా ఒకటైనా ఇలాంటిది ఉంటుంది. పెద్ద బండి ఒకటి ఇసుకలో ఇరుసు దాకా దిగబడి ఉంటుంది. కొత్త కుర్తాలు తొడుక్కున్న కుర్రాళ్ళు నలుగురు వెనక నుంచి తోస్తుంటారు. చక్రాలు గిర్రున తిరిగి వాళ్ళ మొహాల మీద ఇసుక కొడుతుంటాయి. పక్కన నిలబడ్డ పెద్దమనిషి ఒకాయన చెయ్యి ఊపుతూ అరుస్తుంటాడు: "దబావ్! ఔర్ దబావ్!" వీడియో కింద నవ్వే బొమ్మలు వరసగా పడుతుంటాయి.

నాకు ఆ 'దబావ్' దగ్గర నవ్వు ఆగిపోతుంది. నేను ఉర్దూ మీడియంలో చదువుకున్నాను. మా సైన్స్ ఉస్తాద్ బోర్డు మీద రాసిన మాట కూడా ఇదే, దబావ్. తెలుగులో పీడనం. బరువు ఒకటే అయినా అది ఎంత చోటు మీద పడుతోందో దాన్నిబట్టి దబావ్ మారుతుందని చెప్పి, మేకు మొనతో ఒకసారి, మేకు తలతో ఒకసారి మా అరచేతుల్ని నొక్కి చూపించారు. యాక్సిలరేటర్ తొక్కమని మనం అరిచే మాటా, బండిని ఇసుకలో ముంచే గుణం పేరూ ఒకేలా వినపడటం ఉర్దూ మనతో చేసిన మజాక్. ఆ పెద్దమనిషి దబావ్ తగ్గించమని చెప్పాల్సిన చోట ఇంకా దబావ్ అంటున్నాడు.

నా రాయ్ సూటిగా చెప్పేస్తాను. ఇసుకలో బండి దిగబడటం ఐబు కాదు. ఇసుక మీద నడిపే ప్రతివాడికీ ఎప్పుడో ఒకప్పుడు అయ్యేదే. నుక్సాన్ అంతా దిగబడ్డ తర్వాత మొదటి పది నిమిషాల్లో జరుగుతుంది. ఆ పది నిమిషాలూ స్టీరింగ్ మన చేతిలో ఉండదు, మన ఇజ్జత్ చేతిలో ఉంటుంది. భార్య చూస్తోంది, బావమరిది చూస్తున్నాడు, ఎవడో ఫోన్ తీశాడు. ఇక కాలు యాక్సిలరేటర్ మీద నుంచి లేవదు. ఇసుకకు ఇజ్జత్ అంటే ఏమిటో తెలీదు. అది తూకం తప్ప ఇంకేం చూడదు.

ముందు ఫోర్ బై ఫోర్ అన్న మాటకు మానా ఏమిటో చూద్దాం. ఇంజన్ తాకత్ నాలుగు చక్రాలకూ అందడం, అంతే. దానివల్ల బండి బరువు ఒక్క కిలో కూడా తగ్గదు. నిజానికి ఆ సామాను వల్ల కాస్త పెరుగుతుంది. పట్టు దొరికినప్పుడు నాలుగు చక్రాలూ కలిసి లాగుతాయి. పట్టు దొరకనప్పుడు నాలుగు చక్రాలూ కలిసి నాలుగు గోతులు తవ్వుతాయి. రెండు చక్రాల బండి కన్నా ఇది ఇంకొంచెం లోపలికి, సముద్రానికి ఇంకొంచెం దగ్గరికి వెళ్ళి ఇరుక్కుంటుంది.

పైగా ఎత్తుగా, వెడల్పుగా కనిపించే ప్రతి బండీ ఫోర్ బై ఫోర్ కాదు. మన కాలనీల్లో తిరిగే ఎస్‌యూవీల్లో ఎక్కువ వాటికి రెండు చక్రాలకే తాకత్ అందుతుంది. ఫార్చ్యూనర్‌లో రెండు రకాలూ ఉన్నాయి. థార్‌లో కూడా 2023 నుంచి వెనక చక్రాలు మాత్రమే తిరిగే రకం అమ్ముతున్నారు. బయటి నుంచి చూస్తే రెండూ అన్నదమ్ముల్లా ఉంటాయి. కొన్న మనిషికే ఒక్కోసారి తేడా తెలియదు. షోరూమ్‌లో సన్‌రూఫ్ గురించి పది సవాళ్ళు అడిగిన మనం, ఇరుసు గురించి ఒక్కటి అడగం.

ఇప్పుడు ఇసుక సంగతి. రోడ్డు మీద మన టైర్లలో 32 నుంచి 35 దాకా గాలి ఉంటుంది. ఆ గాలితో టైరు గట్టిగా, గుండ్రంగా నిలబడి, నేలను కొద్ది చోటులోనే తాకుతుంది. తారు రోడ్డుకు అది మంచిదే. పొడి ఇసుక మీద అదే టైరు మేకు మొన అవుతుంది. గాలిని 18కో, 15కో దించితే టైరు కింద పొట్ట జారినట్టు పరుచుకుంటుంది. నేలను తాకే భాగం పెరుగుతుంది. వెడల్పు కన్నా పొడవు ఎక్కువ పెరుగుతుంది. అప్పుడు టైరు ఇసుకను కోయడం మాని, దాని మీద నడుస్తుంది. రెగిస్తాన్‌లో ఒంటె పాదం అలా పరుచుకునే ఉంటుంది. కుదరత్ దానికి ఇచ్చినదాన్ని మనం వాల్వు పిన్ను నొక్కి తెచ్చుకోవాలి.

మన ఖాందాన్లలో గల్ఫ్‌కు వెళ్ళని ఇల్లు తక్కువ. దుబాయ్‌లో డెజర్ట్ సఫారీకి వెళ్ళినవాళ్ళందరికీ ఒక సంగతి గుర్తుండాలి. ఎడారి మొదలయ్యే చోట బళ్ళు వరసగా ఆగుతాయి. డ్రైవర్లు దిగి, నాలుగు టైర్ల దగ్గరా కూర్చుని బుస్సుమని గాలి తీసేస్తారు. మనం ఆ టైములో సెల్ఫీలు తీసుకుంటూ ఉంటాం. ఆ తర్వాత దిబ్బల మీద బండి ఎగిరిన వీడియో మాత్రం మన ఫోన్లో ఉంటుంది, గాలి తీసిన వీడియో ఉండదు. ఇండియాకు వచ్చాక మనం నకల్ చేసేది ఎగరడాన్నే.

రెండేళ్ళ కిందట బాసీ ఈద్ నాడు బాపట్ల దగ్గర సూర్యలంకలో చూసిన సంగతి చెబుతాను. జనం ఎక్కువగా ఉండే చోటు దాటి, పడవలు లాగిపెట్టుకునే వైపు ఒక బండి ఇసుకలో దిగబడి ఉంది. నిజంగా ఫోర్ బై ఫోరే. ఏడుగురు మనుషులు, వెనక బిర్యానీ దేగ్చీ, చాపలు, నీళ్ళ క్యాన్లు. మేం వెళ్ళేసరికి చక్రాలు సగానికి దిగాయి. ఆడవాళ్ళూ పిల్లలూ లోపలే కూర్చుని ఉన్నారు. దిగితే బండి ఇరుక్కున్నట్టు ఒప్పుకున్నట్టు అవుతుంది కదా! నడుపుతున్న భాయ్‌కి చెమటలు పడుతున్నాయి. పక్కన సౌదీ నుంచి సెలవుకు వచ్చిన అన్నగారు హుకుం జారీ చేస్తున్నారు. క్లచ్ మాడిన వాసన వస్తోంది.

వెనక సీట్లో నుంచి పదహారేళ్ళ పిల్ల ఒకతి తల బయటపెట్టి అడిగింది: "చాచా, టైర్లలో గాలి తియ్యరా? మనం సఫారీకి వెళ్ళినప్పుడు తీశారు కదా?"

"తూ చుప్ బైఠ్," అన్నారు ఆయన.

ఆ మొత్తం దృశ్యంలో సరైన మాట అన్నది ఆ పిల్ల ఒక్కతే. ఇంకో పావుగంట బండి తవ్వుకుంటూనే పోయింది. చివరికి బండి కడుపు ఇసుక మీద ఆనింది. అలా ఆనాక చక్రాలు ఎంత తిరిగినా గాలిలో తిరిగినట్టే. బరువంతా కడుపు మోస్తుంది, చక్రాల మీద ఏమీ ఉండదు. మామూలుగా దిగబడ్డ బండిని ఒక కుటుంబం బయటకు తెచ్చుకోగలదు. కడుపు ఆనిన బండికి ఊరు కావాలి.

ఊరు వచ్చింది. వలలు సర్దుకుంటున్న మత్స్యకారులు ఐదుగురు లేచి వచ్చారు. వాళ్ళలో పెద్దాయన బండి చుట్టూ ఒకసారి తిరిగి, కిటికీ దగ్గర వంగి చెప్పిన మొదటి మాట: "సాయిబు గారూ, ముందు ఆ కాలు తీయండి." రెండో మాట: "పిల్లల్ని దింపండి." ఏడుగురు దిగితే ఎన్ని కిలోలు తగ్గుతాయో లెక్కేసుకోండి. దేగ్చీ కూడా దింపించాడు.

ఆ తర్వాత జరిగిందాంట్లో వింత ఏమీ లేదు. బిర్యానీ వడ్డించే తట్టలతోనే కడుపు కింద ఇసుక తవ్వారు. చక్రాల వెనక నిటారుగా గొయ్యి కాకుండా, పైకి ఎక్కేట్టు వాలుగా తీశారు. బండి తాళం మొనతో వాల్వు పిన్ను నొక్కి నాలుగు టైర్లలోనూ గాలి దించారు. కొలిచే సాధనం లేదు, టైరు పక్కలు ఉబ్బడం చూసి పెద్దాయన చాలు అన్నాడు. చక్రాల వెనక ఎండు కొబ్బరి మట్టలు పరిచారు. చక్రం తిరిగితే మట్ట రాయిలా ఎగిరొస్తుందని అందరినీ దూరంగా, పక్కలకు జరిపారు. లో రేంజి గేరు వేయించి, ముందుకు కాదు, వెనక్కి రమ్మన్నారు. వచ్చిన దారిలో ఇసుక అప్పటికే బండి బరువుకు అణిగి ఉంటుంది, తెలియని ఇసుక కన్నా అదే నయం. మొదటిసారి కదిలి ఆగింది. ఆగగానే కాలు తీయించి మళ్ళీ తవ్వారు. రెండోసారి మెల్లగా, మొండి ఎద్దు లేచినట్టు లేచి, తన గాడిలోనే వెనక్కి వచ్చింది. మొత్తం నలభై నిమిషాలు. ఎవరూ 'దబావ్' అనలేదు.

ఈ పనులన్నీ ఆ పిల్ల సవాల్ అడిగినప్పుడే చేసి ఉంటే పది నిమిషాల పని. ఇల్మ్ ఆ బండిలోనే ఉంది. దాన్ని 'చుప్ బైఠ్' అన్నాం. అందుకే ఇది బండి మసలా కన్నా ఎక్కువగా ఇంటి మసలా అంటున్నాను. బండి నడిపేవాడికి తప్పు చెప్పే హక్ మన ఇళ్ళలో ఎంతమందికి ఉంది? భార్య 'ఆపండి' అంటే ఎంతమంది ఆపుతారు? రోడ్డు మీద కూడా ఈ సవాల్ ఉంది. ఇసుక దాన్ని అందరిముందూ పెడుతుంది, అంతే.

ఇక సముద్రం సంగతి. ఎడారిలో దిగబడితే సాయంత్రం దాకా కూర్చుని సబర్ చేయొచ్చు. తీరంలో ఆ మౌఖా లేదు. ఆటుపోట్లను ఉర్దూలో మద్దొజజ్ర్ అంటాం. హాలీ ముసద్దస్ పూర్తి పేరులో ఉంటుంది కాబట్టి ఉర్దూ మీడియం పిల్లలకు ఈ మాట ముందు సాహిత్యంలో తగులుతుంది, సముద్రంలో తర్వాత. మన తీరంలో రోజుకు రెండుసార్లు పోటు, రెండుసార్లు ఆటు. నీళ్ళు బాగా తగ్గిన వేళ నుంచి బాగా పెరిగిన వేళకు ఆరు గంటల పైచిలుకు పడుతుంది. మీరు వెళ్ళినప్పుడు నీళ్ళు దూరంగా ఉంటే సంతోషించకండి. అవి వస్తాయి. వాలు తక్కువ ఉన్న చోట నీటి మట్టం ఒక అడుగు పెరిగితే చాలు, అల ఎన్నో అడుగులు లోపలికి వచ్చేస్తుంది.

ఇందులో మనకు ప్రత్యేకంగా సంబంధించిన లెక్క ఒకటుంది. అమావాస్యకూ పౌర్ణమికీ సూర్యుడూ చంద్రుడూ ఒకే గీత మీదకు వచ్చి నీటిని కలిసి లాగుతాయి. అందుకే ఆ రోజులకు పెద్ద పోటు. అసలు పెద్దది తరచూ ఒకటి రెండు రోజులు ఆలస్యంగా వస్తుంది. మరి రమ్జాన్ ఈద్ ఎప్పుడు? అమావాస్య దాటి, నెలవంక కనిపించిన మర్నాడు. అంటే మనం పిల్లాపాపలతో సముద్రానికి బయల్దేరే ఈద్ రోజూ, బాసీ ఈద్ రోజూ నెలలో పెద్ద పోటు పడే రోజులే. బక్రీద్ నెలలో పదో రోజు వస్తుంది, అప్పటికి చంద్రుడు సగం దాటి ఉంటాడు, పోటు చిన్నదిగా ఉంటుంది. చాంద్ చూసి పండగ చేసుకునే మనకు సముద్రం టైమ్‌టేబుల్ అర్థం కావడానికి వేరే కిటాబ్ అక్కర్లేదు. మన క్యాలెండరే చాలు.

నీళ్ళ అంచున తడి ఇసుక గట్టిగా కనిపించి పిలుస్తుంది. అది ఒక ధోకా. తడిసి అణిగిన ఇసుక నిజంగానే గట్టిదే, బండి కదులుతున్నంతసేపు. ఆగితే బరువుకు కింది నీరు పైకి వస్తుంది, ఇసుక మెత్తబడుతుంది. ఆ తర్వాత వచ్చే ప్రతి అలా టైరు పక్క నుంచి కొంత ఇసుకను తోడుకుపోతుంది. ఐదారు అలలకు మీరు ఏమీ చేయకపోయినా చక్రం దిగిపోతుంది. ఉప్పునీరు తాకిన ఇనుముకు ఆ తర్వాత పట్టే తుప్పు వేరే. ఇంజన్‌లోకి నీళ్ళు పోయాక స్టార్ట్ చేస్తే ఇంజనే పోతుంది. అలాంటి నుక్సాన్‌కు మామూలు బీమా చాలాసార్లు పనికిరాదు, దానికి విడిగా కవర్ తీసుకోవాలి. 2024 జూన్‌లో గుజరాత్‌లో కచ్ జిల్లా ముంద్రా తీరంలో రీల్ కోసం రెండు థార్‌లను నీళ్ళలోకి దింపి ఇరుక్కున్న వీడియో దేశమంతా చూసింది. పోలీసులు కేసు పెట్టారు. ఆ బళ్ళలో తాకత్‌కు లోటు లేదు.

ప్రాణాల దాకా వచ్చే ఖతరా మాత్రం తాడు దగ్గర ఉంది. బండి ఇరుక్కోగానే మనవాళ్ళు వెతికేది తాడునే. నైలాన్ తాడో, గొలుసో, ఏది దొరికితే అది. బంపరుకు కట్టి, ఇంకో బండితో ఝట్కా ఇస్తారు. బంపరు ప్లాస్టిక్, ఊడి వస్తుంది, అది చిన్న నుక్సాన్. పెద్దది వేరే. సాగిన తాడులో తాకత్ దాగి ఉంటుంది, గులేల్ రబ్బరులో ఉన్నట్టు. కట్టిన కొక్కెం తెగితే ఆ ఇనుము ముక్క తూటాలా వెళ్తుంది. వెనక ట్రైలర్ తగిలించే ఇనుప గుండుకు పట్టీ వేసి లాగితే, ఆ గుండు విరిగి ఎగిరొచ్చి మనుషులు చనిపోయిన ఘటనలు ఆస్ట్రేలియాలో ఉన్నాయి. అక్కడ ఈ పని నేర్పేవాళ్ళు మొదట చెప్పే సబక్ అదే.

కాబట్టి తవ్వడం, గాలి తీయడం, మట్టలు పరచడం అయ్యాకే తాడు మాట ఎత్తాలి. ఆ మూడూ సరిగ్గా చేస్తే చాలాసార్లు తాడు అవసరమే రాదు. తప్పనిసరైతే బండి కంపెనీ లాగడానికని ఛాసీకి ఇచ్చిన కొక్కేనికే కట్టాలి. ఝట్కా ఇవ్వకుండా తాడు బిగిసేదాకా మెల్లగా వెళ్ళి లాగాలి. తాడు మధ్యలో తడి గోనె సంచో, దుప్పటో వేస్తే, తెగినప్పుడు దాని విసురు కొంత తగ్గుతుంది. తాడు పొడవుకు ఒకటిన్నర రెట్ల దూరంలోపు మనిషన్నవాడు ఉండకూడదు. తాడును దాటడం, దాని మీద నిలబడటం, పక్కన నిలబడి వీడియో తీయడం, ఏదీ వద్దు. పిల్లలు ఎంత దూరంలో ఉన్నారో చూడటానికి ఒక పెద్దమనిషిని ప్రత్యేకంగా పెట్టండి. 'ఔర్ దబావ్' అని అరిచే ఆయనకు ఆ జిమ్మేదారీ అప్పగిస్తే రెండు పనులూ అవుతాయి.

ఇక్కడ ఒక ఎతరాజ్ వస్తుందని తెలుసు. "ఇరవై లక్షలు పోసి కొన్నది షెడ్డులో పెట్టడానికా? కేరళలో బీచి మీద కార్లు నడుపుతున్నారు కదా?" నడుపుతున్నారు. కణ్ణూర్ దగ్గర ముళప్పిలంగాడ్‌లో సుమారు నాలుగు కిలోమీటర్ల తీరం మీద మామూలు కార్లు కూడా వెళ్తాయి. అక్కడి ఇసుక గట్టిగా అణిగి ఉంటుంది, సముద్రంలోని నల్ల రాళ్ళు అలల జోరును తగ్గిస్తాయి. ఆ వీడియో చూసి మన తీరంలోని పొడి, వదులు ఇసుకలోకి దిగడమంటే, నిజాంసాగర్ కాలువలో ఈత కొట్టి కృష్ణా వరదలో దూకినట్టు. పక్కనే గోవాలో బీచి మీద బండి నడపడం నిషేధం. ఒక తీరం కాయిదా ఇంకో తీరానికి నడవదు. మీరు వెళ్ళిన చోట అసలు బండి దించనిస్తారో లేదో బోర్డు చూసి, పోలీసుల్ని అడిగి తెలుసుకోవడం మొదటి పని.

మన తెలుగువాళ్ళు చాలామంది స్థిరపడ్డ ఆస్ట్రేలియాలో, క్వీన్స్‌లాండ్ తీరాన కగారీ అనే దీవి ఉంది. మొన్నటిదాకా ఫ్రేజర్ ఐలండ్ అనేవారు. ప్రపంచంలో అతి పెద్ద ఇసుక దీవి. అక్కడ సముద్రపు ఒడ్డే రోడ్డు. దానికి కూడా పర్మిట్ కావాలి, ఫోర్ బై ఫోర్ కావాలి, స్పీడుకు హద్దు ఉంది. పెద్ద పోటుకు రెండు గంటలు ముందూ రెండు గంటలు వెనకా బండి తీయవద్దని సర్కారే చెబుతుంది. అంటే ఇసుక మీద నడపడం బాగా తెలిసినచోట కూడా దాన్ని షౌక్‌గా వదిలేయలేదు, ఉసూల్‌తో కట్టారు. మనకు షౌక్ వచ్చింది, ఉసూల్ రాలేదు.

మన ఒడ్డుకు మనకన్నా ముందు హక్‌దార్లు ఉన్నారు. ఇసుకలో పరిచినట్టు కనిపించే వల ఒక కుటుంబం రోజీ. టైరు కింద పడి అది తెగితే వారం పని పోతుంది. జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు రాత్రిళ్ళు మన తీరానికి వచ్చి, ఒక్కో గూట్లో వందకు పైగా గుడ్లు పెట్టి, ఇసుక కప్పి వెళ్ళిపోతాయి. బాపట్ల తీరంలో అటవీ శాఖవాళ్ళు ఆ గుడ్లను సేకరించి పొదిగిస్తుంటారు. అన్నీ వాళ్ళ కంట పడవు. పైన టైరు పోతే కింద ఏముందో మనకు తెలియదు. గుడ్డు పగిలి బయటికొచ్చిన పిల్ల సముద్రం వైపు పాకుతూ బండి గాడిలో పడితే అది దానికి కందకం. 1972 వన్యప్రాణి చట్టంలో ఈ తాబేలుకు పులితో సమానంగా మొదటి షెడ్యూల్లో చోటుంది. మన సైరు కోసం చేసే జుల్మ్‌కు ఇంకో ప్రాణి కీమత్ కట్టకూడదు.

ఆ ఐదుగురు మత్స్యకారుల సంగతి కూడా చెప్పాలి. బండి గట్టు మీదకు వచ్చాక ఆ భాయ్ రెండు వందల నోటు తీసి పెద్దాయన చేతిలో పెట్టాడు. ఐదుగురికి, నలభై నిమిషాలకు, ఎండలో. పట్నం నుంచి లాగే బండిని పిలిపిస్తే వేలు అయ్యేవి. పెద్దాయన ఏమీ అనలేదు. బండిలో ఉన్న భాబీ దిగి వచ్చి, భర్త చేతిలో పర్సు తీసుకుని, మనిషికి ఐదు వందల చొప్పున ఇచ్చింది. దింపిన దేగ్చీలోంచి బిర్యానీ కట్టి ఇచ్చింది. ఎవరింటికి వచ్చామో గుర్తున్న మనిషి ఆమె. మనం మొదట ఇచ్చింది బక్షీష్, ఆమె ఇచ్చింది మజ్దూరీ. వాళ్ళు చేసింది ఎహ్సాన్ కూడా కాబట్టి, మజ్దూరీతో లెక్క తీరిపోయిందని అనుకోను. సాయానికి వచ్చినవాళ్ళతో ముందే మాట్లాడుకుని, సిగ్గుపడకుండా సరైన కూలి ఇవ్వడం నేర్చుకుందాం.

మరి వెళ్ళొద్దా అంటే, బండి గట్టు మీద పెట్టి నడిచి వెళ్ళమంటాను. ఐదు నిమిషాల నడక. అమ్మీకి మోకాళ్ళ నొప్పి అంటే కుర్చీ మోసుకెళ్ళడానికి మనవలు ఉన్నారు. ఇసుకలో బండి నడపడమే షౌక్ అయితే, అనుమతి ఉన్న చోట, ఇంకో బండి తోడు తీసుకుని, పోటు వేళ చూసుకుని, ఖాందాన్‌ను ఇంట్లో దింపి వెళ్ళండి. వెనక గాలి కొలిచే గేజీ, 12 వోల్టుల కంప్రెసర్, పార, రెండు బలమైన పలకలు పెట్టుకోండి. అన్నీ కలిపినా మనం సీటు కవర్లకు పెట్టే ఖర్చు దాటవు. ఫోర్ బై ఫోర్ గేరును ఇసుకలోకి దిగకముందే వేయండి. ఇసుకలో గట్టిగా బ్రేకు కొట్టకండి, అలా ఆగితే టైరు ముందు ఇసుక గుట్ట అవుతుంది. ఆగాల్సి వస్తే వాలు కిందికి ఉన్న చోట ఆగండి. గాలి తగ్గిన టైరుతో గట్టిగా తిప్పకండి, మరీ 12 కన్నా కిందికి దించితే టైరు రిమ్ము నుంచి జారిపోవచ్చు. రోడ్డు ఎక్కగానే గాలి కొట్టించండి. తక్కువ గాలితో హైవే మీద స్పీడుగా వెళ్తే టైరు వేడెక్కి పేలుతుంది. సముద్రం దగ్గర తప్పిన ప్రమాదం రోడ్డు మీద ఎదురొస్తుంది. ఇంటికి రాగానే మంచినీళ్ళతో బండి కింది భాగం కడగండి.

ఇవన్నీ మర్చిపోయినా ఒక్కటి గుర్తుంచుకోండి. చక్రం ఒక చుట్టు తిరిగి బండి కదలకపోతే కాలు తీసేయండి. తీసి, అందరికీ వినపడేట్టు 'ఫస్ గయా' అనండి. ఆ మాట నోట్లోంచి వచ్చిందంటే సగం బండి బయటికి వచ్చినట్టే. ఆ తర్వాత పిల్లలు దిగుతారు, బరువు తగ్గుతుంది, ఎవరో ఒకరికి గాలి సంగతి గుర్తొస్తుంది, ఊరు సాయానికి వస్తుంది. అనకపోతే ఏమవుతుందో వాట్సాప్‌లో ఏటా చూస్తూనే ఉన్నాం.

వచ్చే ఈద్‌కు సముద్రానికి బయల్దేరే ముందు, బండిలో ఎక్కేటప్పుడే ఇంట్లో చిన్నవాళ్ళకు ఇజాజత్ ఇచ్చేయండి: "నేను ఆపకపోతే మీరు ఆపమని చెప్పండి, నేను ఆపుతాను." వెనక సీట్లో గాలి సంగతి తెలిసిన పిల్ల మీ ఇంట్లోనూ ఉండొచ్చు.